పిల్లల నడకకు తగిన ప్రయాణం



సెలవులు వచ్చాయంటే అవ్వాతాతలు, అమ్మానాన్నలు, పిల్లలు అందరూ ఒకే బండిలో నాలుగు ఊళ్లు చూసి రావాలని ముచ్చటపడతారు. కొందరు టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటారు. కొందరు పాత మినీ బస్సులో సీట్లు తీసి, పరుపులు వేసి, వంటకు చిన్న గట్టు పెట్టి ఇల్లులా మార్చుకుంటారు. నగరాలలో ఇటువంటి బండ్లు 'కారవాన్' అనే పేరుతో అద్దెకు కూడా దొరుకుతున్నాయి. కుటుంబమంతా కలిసి ఉండడం, పిల్లలు సెల్‌ఫోన్ వదిలి కిటికీలోనుండి లోకాన్ని చూడడం ఎంతో మంచిది. అయితే ఎన్ని సౌకర్యాలున్నా అది ఇల్లు కాదు, రోడ్డుమీద పరుగెత్తే వాహనం. ఈ రెండు సంగతులనూ మనసులో ఉంచుకొని హాయిగా వెళ్లిరావడం ఎలాగో చూద్దాము.

యాకోబు తీసుకున్న నిర్ణయం

ఆదికాండము 33వ అధ్యాయంలో ఏశావు తన తమ్ముణ్ణి కలిసి ప్రయాణం చేద్దామంటాడు. యాకోబు మర్యాదగానే వద్దంటాడు. తనతో పసిపిల్లలు, పాలిచ్చే పశువులు ఉన్నాయని, తొందరపెడితే అవి తట్టుకోలేవని, వారి నడకను బట్టి వెనుక మెల్లగా వస్తానని చెబుతాడు. పిల్లలతో బయలుదేరే ప్రతి తండ్రీ నేర్చుకోవలసిన పాఠం ఇదే. ఎన్ని ఊళ్లు చూశామన్నది కాదు, పిల్లలు ఎంత సుఖంగా ఉన్నారన్నది లెక్క.

సోమందేపల్లి వారికి ఇది కష్టం కాదు. చూడదగినవి దగ్గరలోనే ఉన్నాయి. 1565 యుద్ధం తరువాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న పెనుకొండలో కోట, గగన్ మహల్ ఉన్నాయి. లేపాక్షిలో ఒకే రాతిలో చెక్కిన పెద్ద నంది, నేలకు పూర్తిగా ఆనని స్తంభం పిల్లలను ఆశ్చర్యపరుస్తాయి. చిలమత్తూరు మండలంలోని వీరాపురం కొంగలకు పేరుపొందిన ఊరు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ బుక్‌లో చేరింది. రోజుకు ఒక చోటు చాలు. రెండు గంటలకు ఒకసారి, రోడ్డుకు దూరంగా, నీడలో బండి ఆపండి. పిల్లలను కాసేపు పరుగెత్తనివ్వండి. పెద్దలకు కూడా కాళ్లు పట్టేయకుండా ఉంటాయి.

పగలే ప్రయాణించండి

మన ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారిని మరువకండి. 2013 అక్టోబరు 30న పాలెం వద్ద బెంగళూరు నుండి హైదరాబాదు వెళ్తున్న బస్సు కాలిపోయి 45 మంది మరణించారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాదు నుండి బెంగళూరు వస్తున్న బస్సు కాలిపోయి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. రెండూ ఈ రహదారిమీదే, రెండూ తెల్లవారకముందే జరిగాయి. ఆ వేళలో మనిషి శరీరం నిద్రను కోరుతుంది. కిటికీ తెరిచినా, టీ తాగినా ఆ నిద్ర పోదు. నిద్రపోతేనే పోతుంది.

డ్రైవరన్న కూడా ఒక తండ్రే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అని, 5 గంటలకు మించకుండా అరగంట విశ్రాంతి అని చెప్పింది. సొంత బండి నడిపే మనవారు కూడా ఇదే పాటించాలి. మీరు భోజనానికి కూర్చున్నప్పుడు డ్రైవరునూ పిలవండి. రాత్రి అతనికి పడుకునే చోటు ఉందో లేదో అడగండి.

బండి లోపల

కదిలే బండిలో పరుపు మీద ఆడుకునే బిడ్డకు ఆధారం ఏదీ లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి హఠాత్తుగా ఆగితే బిడ్డ అదే వేగంతో ముందుకు విసిరివేయబడతాడు. ఒడిలో ఉన్న పసిబిడ్డను తల్లి చేతులు పట్టి ఆపలేవు. అందుచేత పరుపు ఆగిన బండిలో పడుకోవడానికే. కదిలేటప్పుడు ప్రతి బిడ్డకూ ఒక సీటు, ఒక బెల్టు ఉండాలి. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా బండి నడిపితే 2019లో సవరించిన చట్టం ప్రకారం 1000 రూపాయల జరిమానా.

సీట్లు తీసి బండి మార్చాలంటే ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకోండి. అత్యవసర ద్వారానికి అడ్డంగా సామాను పెట్టకండి. మంటలార్పే సిలిండరు ఉంచండి. తలుపులు మూసిన బండిలో గ్యాసు పొయ్యి వెలిగించకండి. ఇంజను నడుపుతూ ఏ.సి. వేసుకొని నిద్రపోకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఎండలో నిలిపిన బండిలో పిల్లలను ఒక్క నిమిషమైనా ఒంటరిగా వదలకండి.

వాంతులు, విరేచనాలు

2 నుండి 12 ఏళ్ల పిల్లలకు ప్రయాణపు వాంతులు ఎక్కువ. చెవి లోపలి భాగం కదులుతున్నామని చెబుతుంది, పుస్తకం మీదో ఫోను మీదో ఉన్న కళ్లు కదలడం లేదని చెబుతాయి. ఈ తికమక వలన కడుపు తిప్పుతుంది. దూరంగా కనిపించే కొండలను చూడమనండి. కొంచెం గాలి తగలనివ్వండి. నూనె పదార్థాలు తగ్గించి తేలికగా పెట్టండి. మాత్రలు వైద్యుని అడగకుండా వేయకండి.

కాచి చల్లార్చిన నీళ్లు ఇంటినుండే తీసుకెళ్లండి. ఉదయం చేసిన చిత్రాన్నం మధ్యాహ్నంలోగా తినేయండి. తరువాతకు బొరుగులు, వేరుశనగ ఉండలు, అరటిపండ్లు మేలు. కోసి పెట్టి అమ్మే పండ్లు కొనకండి. విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టును దాని మీద వ్రాసినన్ని నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించండి, తల్లిపాలు మానకండి. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా, కళ్లు లోతుకు పోయినా, విరేచనంలో రక్తం కనబడినా ప్రయాణం ఆపి దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. బి.పి., షుగరు ఉన్న పెద్దల మందులు చేతిసంచిలోనే ఉండాలి.

అంబులెన్సుకు 108, జాతీయ రహదారిపై సహాయానికి 1033 నంబర్లను పెద్ద పిల్లల చేత కూడా కంఠతా పట్టించండి.

బయలుదేరే ముందు కుటుంబమంతా ప్రార్థన చేసుకుంటారు కదా. ఆమేన్ అన్న తరువాత ప్రతి బిడ్డ బెల్టూ ఒకసారి చూడండి. మీ ప్రయాణాలను ప్రభువు కాపాడును గాక.