మనం గెలిచాం, వాళ్ళు ఓడిపోయారు: అభిమానుల ఆవేశాన్ని యంత్రం కొలవగలదా?

2023 నవంబరు 19వ తేదీన అహ్మదాబాదులో ప్రపంచకప్ క్రికెట్ అంతిమ పోటీ జరిగింది. భారతజట్టు 240 పరుగులకు ఆలౌటు కాగా, ఆస్ట్రేలియా నాలుగు వికెట్లు మాత్రమే కోల్పోయి 43 ఓవర్లలోనే లక్ష్యాన్ని చేరుకొన్నది. ట్రావిస్ హెడ్ ఒక్కడే 137 పరుగులు చేశాడు. ఆ రాత్రి సామాజిక మాధ్యమాలలో ఎవరో "హెడ్ చంపేశాడు!" అని వ్రాశారనుకొందాం. అది పొగడ్తా, ఏడుపా? వ్రాసినవారు ఏ జట్టు అభిమానో తెలిస్తే తప్ప ఈ ప్రశ్నకు జవాబు లేదు.

అభిమానుల వ్యాఖ్యలను లక్షల సంఖ్యలో సేకరించి, వాటిలో సంతోషమెంత, కోపమెంత, ద్వేషమెంత అని కంప్యూటరు చేత లెక్క కట్టించే విద్యకు భావవిశ్లేషణ అని పేరు. వ్యాపార ప్రకటనలవారు, క్రీడాసంఘాలవారు, ఆటగాళ్ళను దూషణల నుండి కాపాడవలసినవారు దీనిని వాడుతున్నారు. ఏ కొలత పరికరానికైనా అది దేనిని కొలుస్తుందో, దేనిని కొలవలేదో తెలిసి ఉండాలి. ఈ పరికరానికి ఆ పరీక్ష మరింత అవసరం.

ఒకే ఆట, రెండు దృశ్యాలు

అభిమానుల మనస్తత్వంపై పరిశోధన సామాజిక మాధ్యమాల కంటె ఎంతో పాతది. 1951 నవంబరులో అమెరికాలో ప్రిన్‌స్టన్, డార్ట్‌మత్ విద్యాసంస్థల జట్లు ఫుట్‌బాల్ ఆడాయి. ఆట మొరటుగా సాగింది. ప్రిన్‌స్టన్ జట్టులోని మేటి ఆటగాడు డిక్ కాజ్‌మైర్ ముక్కు విరిగింది. తరువాత డార్ట్‌మత్ ఆటగాడొకరి కాలు విరిగింది. తప్పు ఎవరిదన్న విషయమై రెండు పక్షాలకూ పెద్ద వాగ్వాదం జరిగింది.

డార్ట్‌మత్‌కు చెందిన ఆల్బర్ట్ హేస్టార్ఫ్, ప్రిన్‌స్టన్‌కు చెందిన హాడ్లీ కాంట్రిల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆ ఆట ఫిల్మును రెండు చోట్లా విద్యార్థులకు చూపించి, తప్పులను లెక్కించమన్నారు. డార్ట్‌మత్ ఆటగాళ్ళు చేసిన తప్పులు ప్రిన్‌స్టన్ విద్యార్థులకు సగటున 9.8 కనిపించగా, డార్ట్‌మత్ విద్యార్థులకు 4.3 మాత్రమే కనిపించాయి. ఫిల్ము ఒక్కటే, చూసే కన్నులు వేరు. 1954లో వెలువడిన ఈ పరిశోధన నేటికీ ఒక హెచ్చరిక వంటిది: ఒకే సంఘటనపై రెండు పక్షాల అభిమానులు వ్రాసిన మాటలను ఒకే రాశిగా పోసి సగటు తీస్తే, ఆ సగటు ఏ పక్షపు మనసునూ చూపదు.

మాటలకు మార్కులు

ఈ పనిని కంప్యూటరు చేసే పద్ధతులు స్థూలంగా రెండు. మొదటిది పదకోశ పద్ధతి. ఒక్కొక్క మాటకు ముందుగానే మార్కులు నిర్ణయించి, వ్యాఖ్యలోని మాటల మార్కులను కూడుతారు. అమెరికాలోని జార్జియా టెక్ పరిశోధకులు హటో, గిల్బర్ట్ 2014లో ప్రకటించిన 'వేడర్' అనే ఆంగ్ల సాధనంలో 7,500కు పైగా మాటలు, గుర్తులు ఉన్నాయి. ఒక్కొక్కదానికి పదిమంది మనుషులు మైనస్ 4 నుండి ప్లస్ 4 వరకు మార్కులు వేశారు. ఆశ్చర్యార్థకాలు, పెద్ద అక్షరాలు, 'కాదు', 'కాని' వంటి మాటలు అర్థాన్ని మార్చే తీరును కూడా అది లెక్కలోకి తీసుకొంటుంది.

రెండవది అభ్యాస పద్ధతి. మనుషులు ముందే వర్గీకరించిన వేల ఉదాహరణలను చూపితే, ఏ మాటలు ఏ భావంతో కలిసి వస్తాయో యంత్రమే నేర్చుకొంటుంది. 2002లో పాంగ్, లీ, వైద్యనాథన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు సినిమా సమీక్షలపై ఈ ప్రయోగం చేశారు. మనుషులు తమకు తోచిన మెచ్చుకోలు, తెగడ్త మాటలతో తయారుచేసిన జాబితాలు నూటికి 58 నుండి 64 సమీక్షలను మాత్రమే సరిగా గుర్తించాయి. స్వయంగా నేర్చుకొన్న యంత్రం దాదాపు 83 గుర్తించింది. నేటి భాషా నమూనాలు వాక్యం మొత్తాన్ని, సందర్భాన్ని పరిశీలించి ఇంకా ముందుకు వెళ్ళాయి. అయినప్పటికీ, తీరికగా వ్రాసిన సమీక్ష వేరు, బంతి బంతికీ మారే అభిమాని కేక వేరు.

తెలుగు అభిమాని పెట్టే చిక్కులు

తెలుగు అభిమాని విషయంలో ఈ చిక్కు రెట్టింపవుతుంది. "చితక్కొట్టాడు", "కుమ్మేశాడు", "ఇరగదీశాడు" అన్నవన్నీ మనకు మెచ్చుకోలు మాటలే. పదకోశానికి మాత్రం అవి కొట్లాట కేసు ఫిర్యాదులా కనిపిస్తాయి. "ఆడాడు", "ఆడలేదు" అనేవి పూర్తి విరుద్ధమైన మాటలు. ఆ భేదమంతా క్రియ చివరలో ఇమిడి ఉన్నది. పైగా విదేశాలలోని మన యువతరం తెలుగును రోమన్ లిపిలో, ఆంగ్లంతో కలిపి వ్రాస్తుంది. ఒకే మాటకు ఒక్కొక్కరిది ఒక్కొక్క వర్ణక్రమం.

అన్నిటికంటె కష్టమైనది వ్యంగ్యం. సున్నాకు అవుటైన వానిని "ఆహా, ఏమి ఆడాడు నాయనా!" అంటే యంత్రం ప్రశంసగా లెక్క వేయవచ్చు. మన సాహిత్యంలో నిందాస్తుతి అనే సంప్రదాయమే ఉన్నది. గోలకొండ చెరసాలలో భద్రాచల రామదాసు శ్రీరాముని నిలదీసిన కీర్తనలను మాటలను మాత్రమే కూడే యంత్రానికి అప్పగిస్తే, ఆయనను రామద్వేషిగా తేల్చినా ఆశ్చర్యపడనక్కరలేదు. తన జట్టును తిట్టే అభిమాని కోపం వెనుక ఉన్న మమకారం కూడా అటువంటిదే.

మరి వ్రాసినవారు ఏ పక్షమో కనుగొనడమెట్లా? ఏ జట్టు పేజీలను అనుసరిస్తున్నారు, ఆటకు ముందు ఎవరిని సమర్థించారు అన్నవి కొంత ఆచూకీ ఇస్తాయి. భాష కూడా ఆచూకీ ఇస్తుంది. రాబర్ట్ చాల్డీనీ, ఆయన సహచరులు 1976లో ప్రకటించిన పరిశోధనలో, తమ విశ్వవిద్యాలయం జట్టు గెలిచిన తరువాతి సోమవారం నాడు విద్యార్థులు ఆ విద్యాసంస్థ గుర్తులున్న దుస్తులను ఎక్కువగా ధరిస్తున్నట్లు తేలింది. గెలుపు గురించి చెప్పేటప్పుడు "మనం" అనే ధోరణి, ఓటమి గురించి చెప్పేటప్పటి కంటె ఎక్కువగా కనిపించింది. ఓడినప్పుడు ఆ జట్టు "వాళ్ళ" జట్టయిపోతుంది!

ఈ విషయంలో తెలుగు ఆంగ్లం కంటె సూక్ష్మమైనది. ఎదుటివారిని కలుపుకొని చెబితే "మనం", వేరుచేసి చెబితే "మేము". "మనం గెలిచాం" అన్నవాడు తనవారితో మాట్లాడుతున్నాడు. "మేం గెలిచాం" అన్నవాడు బహుశః ప్రత్యర్థికి వినిపిస్తున్నాడు. ముందుగా ఆంగ్లంలోకి అనువదించి తరువాత విశ్లేషిస్తే, ఇంత విలువైన ఆధారం మొదటి మెట్టులోనే పోతుంది.

మౌనం, గుర్తు, గాయం

అహ్మదాబాదు పోటీకి ముందురోజు ఆస్ట్రేలియా నాయకుడు పాట్ కమిన్స్, పెద్ద జనసమూహం నిశ్శబ్దం కావడాన్ని వినడం కంటె తృప్తినిచ్చేది లేదన్న భావంతో మాట్లాడాడు. మరునాడు తొంభై వేలకు పైగా ప్రేక్షకులున్న క్రీడాంగణంలో అదే జరిగింది. భావవిశ్లేషణకు ఆ నిశ్శబ్దం వినిపించదు. బాధతో ఫోను పక్కన పెట్టినవారు లెక్కలో ఉండరు, అరిచినవారే ఉంటారు. అందువల్ల "అభిమానులందరూ ఆగ్రహించారు" అని ఒక పటం చెబితే, "వ్రాసినవారిలో" అన్న మాటను మనమే చేర్చుకొని చదవాలి.

ఈ కొలతలో తప్పు జరిగితే నష్టపోయేది మనుషులు. 2021 జులై 11వ తేదీన యూరోకప్ అంతిమ పోటీలో ఇంగ్లండు ఓడిన తరువాత, పెనాల్టీలు తప్పిన ముగ్గురు నల్లజాతి ఆటగాళ్ళపై జాతిదూషణలు వెల్లువెత్తాయి. వాటిలో కొన్ని కేవలం కోతి బొమ్మలు. కోతి బొమ్మకు పదకోశంలో దోషం లేదు. ఎవరిపై విసిరారన్నదే దానిని విషంగా మార్చింది. అదే సంవత్సరం అక్టోబరు 24న దుబాయిలో భారతజట్టు పాకిస్తాన్ చేతిలో పది వికెట్ల తేడాతో ఓడినప్పుడు, మహమ్మద్ షమీపై సొంత దేశపు అభిమానుల నుండే దూషణలు వచ్చాయి.

అట్లని యంత్రానికే తీర్పునంతా అప్పగించవచ్చునా? ఒక చిన్న లెక్క చూద్దాం. పదివేల వ్యాఖ్యలలో వంద మాత్రమే నిజమైన దూషణలనుకొందాం. యంత్రం వాటిలో 90 పట్టుకొన్నది; మిగిలిన 9,900లో నూటికి అయిదింటిని మాత్రమే పొరబడింది. మంచి యంత్రమే. కాని ఆ పొరపాట్లు 495! పట్టుబడిన 585లో నిజమైన దోషులు ఆరింటికి ఒకటి కూడా లేరు. అందువల్ల యంత్రం జల్లెడ పట్టాలి, మనిషి పరిశీలించాలి. 2022 ఖతార్ ప్రపంచకప్ ఫుట్‌బాల్ సమయంలో ఫిఫా సంస్థ దాదాపు రెండు కోట్ల వ్యాఖ్యలను యంత్రాలతో వడపోయించింది. అనుమానించినవాటిని మనుషులు కూడా పరిశీలించిన తరువాత, దూషణలుగా నిర్ధారించినవి 19 వేలకు పైగా మాత్రమే.

విదేశాలలో పెరుగుతున్న మన పిల్లల తరగతిలో ప్రత్యర్థి జట్టు అభిమానులు కూడా కూర్చుంటారు. ఒక్కొక్కసారి ఇంట్లోనే తండ్రిది ఒక జట్టు, బిడ్డది మరొక జట్టు. ఆట ముగిసిన రాత్రి తెరపై కనబడే ద్వేషం ఆ దేశపు ప్రజలందరి హృదయమని పిల్లలు భ్రమపడకుండా చూడవలసిన బాధ్యత పెద్దలది. అరిచినవారు కొందరు, మౌనంగా నిద్రపోయినవారు అనేకులు అని చెప్పడం శాస్త్రవిరుద్ధం కాదు. అది నమూనా సేకరణలోని మొదటి పాఠం. ఇక ఆ రాత్రి పిల్లవాడు ప్రత్యర్థి మిత్రునికి ఏదైనా వ్రాయబోతే, పంపేముందు ఒక్క ప్రశ్న వేసుకొమ్మని నేర్పవచ్చు: ఈ మాట ఎదుటి పక్షంవాడు చదివితే ఎట్లా వినిపిస్తుంది? యంత్రాలు ఇంకా నేర్చుకొంటున్న ఆ విద్యను మనిషి నేర్చుకోవడానికి కంప్యూటరు అవసరం లేదు.