డచ్చి భాషలో పదముల కూర్పు

మచిలీపట్టణమున వలందపాలెమను పేట కలదు. హాలెండు దేశమువారిని మన పూర్వులు వలందులనిరి. ఆ పేరే పేటకు నిలిచినది. 1602లో ఏర్పడిన వారి తూర్పు ఇండియా కంపెనీ అచ్చట వర్తకస్థానము నెలకొల్పి, మన నేతగాండ్ర వస్త్రములను కొని యోడలపై పంపుచుండెను. 1799లో కంపెనీ అంతరించినను, దాని కాగితములు హేగు నగరమందలి జాతీయ భాండాగారమున నేటికిని భద్రముగా నున్నవి. మన తీరపు నేతను, ధరలను, కరవులను గూర్చిన వ్రాతలు వానిలో కలవు. అవి డచ్చి భాషలో నున్నవి.

ఈ భాష ఇంగ్లీషునకును జర్మనునకును దగ్గఱి చుట్టము. అయినను సమాసముల నెఱిగిన తెలుగువానికి దాని పదనిర్మాణము క్రొత్తగా తోచదు. ‘కూ’ అనగా ఆవు; ‘మెల్క్’ అనగా పాలు. ‘కూమెల్క్’ ఆవుపాలు. వానినే తారుమారుచేసి ‘మెల్క్‌కూ’ అన్నచో పాడియావు. కడపటి పదము ప్రధానము. ముందున్నది దాని విశేషణము. మన తత్పురుషమునందును ఇదియే నడక. కావున బారెడు పదము ఎదురైనపుడు తుదినుండి మొదటికి విప్పుకొనవలెను. ‘జీక్’ అనగా జబ్బుపడిన, ‘హౌస్’ అనగా ఇల్లు. ‘జీకెన్‌హౌస్’ రోగుల యిల్లు, అనగా ఆసుపత్రి.

కాని విప్పినంతనే అర్థము తేలని పదములును కలవు. ‘హాండ్‌స్ఖూన్’ అనగా చేతిచెప్పు: చలికి చేతికి వేసికొను తొడుగు. ‘ఆర్ట్‌అపెల్’ అనగా నేలసేబు: మన బంగాళాదుంప. ఇట్టివి వాడుకచే నేర్వవలసినవే.

ఫలానిదని నిర్దేశించునపుడు నామమునకు ముందు ‘దె’ గాని ‘హెత్’ గాని చేరును. ఏది చేరునో నామముతోడనే కంఠస్థము చేయవలెను. సమాసమున మాత్రము కడపటి పదముదే అధికారము. ఇల్లు ‘హెత్ హౌస్’, తలుపు ‘దె డోర్’. ఇంటితలుపు ‘దె హౌస్‌డోర్’. చిన్నదనమును, ముద్దును తెలుపు ప్రత్యయము చేరినచో ఎల్లప్పుడును ‘హెత్’ వచ్చును. ‘దె కూ’ ఆవు. ‘హెత్ కూత్యె’ చిట్టియావు.

ఇక వాక్యము. ప్రధానవాక్యమున క్రియ రెండవ స్థానమును విడువదు: ‘నేను త్రాగుదును పాలు’, ‘నేడు త్రాగుదును నేను పాలు’. కారణమును చెప్పు ‘ఒమ్‌డాత్’ మొదలగు మాటలతో నారంభమగు ఉపవాక్యమున క్రియ కడకు పోవును: ‘ఏలయన నేను పాలు త్రాగుదును’. అచ్చట మన వరుసయే.

కంపెనీ కాగితముల వర్ణక్రమము నేటిదానికంటె వేఱు. అయినను నేటి భాష నేర్చి, కొంత శ్రమపడువానికి అవి అందరానివి కావు. మన నేతగాండ్ర పూర్వకథ అన్యభాషలో మూతవడి యున్నది. మీ యూరి పిల్లలలో భాషలయం దాసక్తి గలవారికి ఈ త్రోవ చూపుడు. ఆ కథను తెలుగులోనికి తెచ్చుపని మనవారు చేయవలసినది.