ముందు బ్రేకు మీద పడ్డ నింద

బండి నేర్పేటప్పుడు బాబాయో, మేనమామో, పక్కింటి అన్నో తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: “ముందు బ్రేకు జోలికి పోకురా, ఎగిరి అవతల పడతావ్. కాలి బ్రేకే వాడు.” గేర్లు వేసే వరస మర్చిపోయినా కుర్రాళ్లు ఈ మాట మాత్రం మర్చిపోరు. ఏళ్ల తరబడి బండి నడుపుతూ కూడా కుడిచేతి లివర్‌ను అలంకారంగా చూసేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. మెకానిక్ షెడ్డులో చక్రాలు విప్పితే తెలిసిపోతుంది: వెనక బ్రేకు షూలు అరిగి రేకు తేలి ఉంటాయి, ముందువి కొన్ననాటిలాగే ఉంటాయి.

ఆ ఉపదేశం ప్రేమతో చెప్పిందే. లెక్క వేసి చూస్తే మాత్రం తలకిందులుగా ఉంది.

120 కిలోల బండి మీద 65 కిలోల మనిషి కూర్చున్నాడనుకుందాం. మొత్తం 185 కిలోలు. కదలకుండా ఉన్నప్పుడు ఈ బరువు రెండు చక్రాల మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది. ముందు 90, వెనక 95 అనుకోండి. బ్రేకు పడగానే ఈ పంపకం మారిపోతుంది. ఆపే బలం టైరు నేలను తాకే చోట పనిచేస్తుంది. బండీ మనిషీ కలిసిన గురుత్వ కేంద్రం మాత్రం నేలకు సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కింద పట్టి ఆపుతుంటే పైనున్నది ముందుకు తూలుతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు దాదాపు 60 కిలోల బరువు వెనక చక్రాన్ని వదిలి ముందు చక్రం మీదికి వచ్చేస్తుంది. అప్పుడు ముందు 150, వెనక 35.

టైరుకు రోడ్డు మీద దొరికే పట్టు దాని మీద ఉన్న బరువును బట్టే ఉంటుంది. 35 కిలోలు మాత్రమే మోస్తున్న చక్రాన్ని ఎంత బలంగా తొక్కితే మాత్రం ఏం లాభం? అది తిరగడం మానేసి జారడం మొదలుపెడుతుంది. ఆపే శక్తి అంతా ముందు చక్రం దగ్గరికి చేరిన సమయంలో మనం వెనక చక్రాన్ని పట్టుకుని వేలాడుతున్నామన్నమాట. బండ్లు తయారుచేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. మామూలు 125 సీసీ బండిని వంగి చూడండి. ఒక్క డిస్కు బ్రేకే ఇచ్చినప్పుడు దాన్ని ముందు చక్రానికే పెడతారు, వెనక డ్రమ్ముతో సరిపెడతారు.

60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. రెండు బ్రేకులూ సరిగ్గా వాడితే, పొడి తారు రోడ్డు మీద, బ్రేకు పడ్డ చోటు నుంచి సుమారు 20 మీటర్లలో బండి ఆగుతుంది. వెనక బ్రేకు ఒక్కటే అయితే మంచి రోడ్డు మీద కూడా ఆపే బలం అందులో సగానికి మించదు, కాబట్టి దూరం రెట్టింపై 40 మీటర్లవుతుంది. ఈ తేడాను మీటర్లలో చెబితే పెద్దగా అనిపించదు. ఇలా చూడండి: మొదటివాడి బండి పూర్తిగా ఆగిపోయిన చోట రెండోవాడు ఇంకా గంటకు 42 కిలోమీటర్ల వేగంతో ఉంటాడు. ఆ చోట ఒక ఆటో అడ్డంగా ఉంటే ఒకడు డ్రైవర్‌ను నాలుగు తిట్టి వెళ్లిపోతాడు, ఇంకొకణ్ణి ఆసుపత్రికి మోసుకెళ్లాలి.

ఇందులో ఇంకా ఆలోచించే సమయం కలపలేదు. కంటికి కనబడి, బుర్రకెక్కి, చెయ్యి కదిలేసరికి ఒక సెకను అవుతుంది. ఆ సెకను కలిపితే 40 కిలోమీటర్ల వేగంలో ఉన్నవాడు మొత్తం 20 మీటర్లలో ఆగగలడు. 60లో ఉన్నవాడికి ఆ 20 మీటర్లలో 17 బ్రేకు పట్టకముందే అయిపోతాయి. పక్కవాడు నిలబడిపోయిన చోటును అతను 55 కిలోమీటర్ల వేగంతో దాటుతాడు. స్పీడోమీటరులో ఇరవై అంకెల తేడా రోడ్డు మీద ఇంత తేడాగా మారుతుంది.

అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజిలస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించింది. మరో 3,600 పోలీసు నివేదికలనూ తిరగేసింది. 1981లో వచ్చిన ఆ నివేదిక పాతదే, మన రోడ్లూ ఆ రోడ్లూ ఒకటి కావు. అయినా అందులోని కొన్ని విషయాలు దేశం మారితే మారేవి కావు. ప్రమాదం మొదలయ్యేటప్పటికి బండ్ల వేగం, సగటు మనిషిని తీసుకుంటే, గంటకు 48 కిలోమీటర్లే. ప్రమాదం కంటబడ్డాక తప్పించుకోవడానికి చాలామందికి దొరికిన సమయం రెండు సెకన్లు కూడా లేదు. ఆ కాస్త సమయంలో ఎక్కువమంది చేసినది ఒకటే: వెనక బ్రేకు తొక్కిపట్టి చక్రాన్ని జార్చేశారు, ముందు బ్రేకును చాలినంత వాడలేదు. ప్రమాదానికి గురైనవాళ్లలో నూటికి 92 మంది తమంతట తామే నేర్చుకున్నవాళ్లు, లేదా ఇంట్లోవాళ్ల దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లు. బాబాయిలు అక్కడా ఉన్నారు.

మరి ముందు బ్రేకు వేసి పడ్డవాళ్లు లేరా అంటే, ఉన్నారు. నింద ఊరికే పుట్టలేదు. వాళ్లు ఎలా పడ్డారో అడగండి. సందు మలుపులో, హ్యాండిల్ తిప్పి ఉండగా, ఇసుక మీద, కుక్క అడ్డొచ్చిందని లివర్‌ను ఒక్కసారిగా పిడికిట్లో బిగించారు. టైరు పట్టు నెల జీతం లాంటిది. మలుపుకు ఎంత ఖర్చు పెడితే బ్రేకుకు అంత తగ్గుతుంది. మలుపులో ఉన్న చక్రానికి మిగిలిన కొద్ది పట్టునూ బ్రేకు లాక్కుంటే చక్రం బిగుసుకుపోతుంది. రెండు చక్రాల బండి నిలబడేదే ముందు చక్రం అటూ ఇటూ చిన్నగా సర్దుకుంటూ ఉండటం వల్ల. తిరగని చక్రం సర్దుకోలేదు, బండి క్షణంలో పడిపోతుంది. వెనక చక్రం బిగుసుకుంటే తోక ఊగుతుందే గాని, హ్యాండిల్ తిన్నగా ఉంటే వెంటనే పడదు. అందుకే పడేసింది ముందు బ్రేకు, మంచిది వెనక బ్రేకు అన్న పేరు స్థిరపడింది.

అసలు కిటుకు లివర్ పట్టే తీరులో ఉంది. బరువు ముందుకు రావడానికి కొద్ది సమయం కావాలి, సెకనులో మూడో నాలుగో వంతు. ఎవరైనా చేయి తిరిగినవాడు బండి ఆపుతుంటే ముందు ఫోర్క్‌ను గమనించండి. లివర్ మీద వేళ్లు బిగుస్తుంటే మెరిసే గొట్టాలు మెల్లగా లోపలికి దిగుతాయి, టైరు నేలను గట్టిగా అదుముకుంటుంది. అలా దిగాక ఇంకాస్త బలంగా నొక్కినా పొడి రోడ్డు మీద ఆ టైరు తట్టుకుంటుంది. దిగకముందే గుంజితే, 90 కిలోల టైరును 150 కిలోల పని అడిగినట్టు. కాబట్టి మొదట మెత్తగా, ఆ వెంటనే గట్టిగా. నిమ్మకాయ పిండే వేగం కాదు, అంతకంటే చురుగ్గానే, కానీ దెబ్బ వేసినట్టు మాత్రం కాదు.

చేతికి ఈ నేర్పు లేకపోతే యంత్రం కొంత ఆదుకుంటుంది. 2019 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే కొత్త బండ్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్, అంతకు లోపువాటికి కనీసం కాంబీ బ్రేకు తప్పనిసరి చేశారు. కాంబీ బ్రేకు ఉన్న మోటార్‌సైకిల్‌లో కాలి బ్రేకు తొక్కితే ముందు చక్రానికీ కొంత అందుతుంది; స్కూటర్లలో ఆ పని ఎడమచేతి లివర్ చేస్తుంది. ఎప్పుడూ ముందు బ్రేకు ముట్టనని గర్వంగా చెప్పేవాళ్లు చాలామంది తమకు తెలియకుండానే రోజూ వాడుతున్నారు! ఏబీఎస్ పని వేరు. చక్రం వేగాన్ని సెన్సర్ కనిపెడుతూ ఉంటుంది. చక్రం బిగుసుకోబోతుందని తెలియగానే బ్రేకు ఒత్తిడిని సెకనులో అనేకసార్లు వదిలి పట్టి, వదిలి పట్టి చక్రాన్ని తిరగనిస్తుంది. అప్పుడు లివర్ వేళ్ల కింద కొట్టుకున్నట్టు అనిపించవచ్చు, భయపడి వదిలేయకూడదు. అయితే కంకర మీదా బురద మీదా లేని పట్టును అది కూడా పుట్టించలేదు. మలుపులో పడకుండా కాపాడుతుందన్న హామీ కూడా చిన్న బండ్ల ఏబీఎస్‌కు లేదు.

పట్టు లేని రోడ్డంటే మన దగ్గర ముందు చెప్పుకోవాల్సింది ధాన్యం. కోతల కాలంలో ఊరి రోడ్డు సగం వడ్లో మొక్కజొన్నో ఆరబోసి ఉంటుంది, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. కళ్లాలు లేని రైతును తప్పుపట్టడం నాకు ఇష్టం ఉండదు. రాత్రిపూట నల్ల పట్టా కప్పి రాళ్లు పెట్టిన కుప్ప మాత్రం హెడ్‌లైటు వెలుగులో చివరిదాకా కనబడదు. గింజల మీద టైరు నేలను తాకదు, గింజల మీద దొర్లుతుంది. అక్కడికి చేరకముందే వేగం తగ్గించుకోవాలి. ఒకసారి గింజల మీదికి వచ్చాక బండి నిటారుగా, యాక్సిలరేటర్ నిలకడగా ఉంచి, ఏ బ్రేకూ ముట్టకుండా దాటిపోవాలి. తొలకరి వాన పడ్డ మొదటి కొద్ది నిమిషాల్లోనూ అంతే జాగ్రత్త అవసరం. రోడ్డు మీద పేరుకున్న ఆయిలూ దుమ్మూ నీటితో కలిసి పొరలా తేలుతుంది, తెల్లరంగు గీతల మీద మరీ ఎక్కువగా జారుతుంది.

హెల్మెట్ సంగతి అందరూ చెప్పేదే కనుక క్లుప్తంగా ముగిస్తాను. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935 మేలో ఇంగ్లండులో సైకిళ్ల మీద వస్తున్న ఇద్దరు పిల్లల్ని తప్పించబోయి బండి మీద నుంచి పడి, తలకు దెబ్బ తగిలి ఆరు రోజుల తర్వాత చనిపోయాడు. అతణ్ణి చూసిన వైద్యుల్లో ఒకరైన న్యూరోసర్జన్ హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత మోటార్‌సైకిల్ నడిపేవారి తల గాయాలను అధ్యయనం చేసి, 1941లో హెల్మెట్ ఆవశ్యకత మీద పత్రం వెలువరించాడు. హెల్మెట్‌లో పనిచేసేది పైన మెరిసే పెంకు కంటే లోపలి తెల్లటి థర్మాకోల్ లాంటి పొర. అది నలిగి, తల ఆగే సమయాన్ని కొన్ని మిల్లీసెకన్లు పొడిగిస్తుంది. ఒకసారి నలిగితే మళ్లీ కోలుకోదు, కాబట్టి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ చూడ్డానికి బాగున్నా మార్చాల్సిందే. పట్టీ బిగించకపోతే అది మనకంటే ముందే ఎగిరిపోతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్లినవాళ్లే. హెల్మెట్ లేకుండా పోయినవాళ్లు 50 వేల పైచిలుకు, వాళ్లలో 14 వేలమందికి పైగా వెనక కూర్చున్నవాళ్లు.

మళ్లీ బ్రేకు దగ్గరికి వస్తే, లైసెన్సు కోసం ఆర్టీవో మైదానంలో ఎనిమిది వేయిస్తారు. నిదానంగా పోయే బండిని తూకం తప్పకుండా తిప్పడం అందులో తెలుస్తుంది, అది అవసరమే. 50 మీదున్న బండిని ఆపగలమా లేదా అన్నది దాంతో తెలియదు. అది ఎవరికి వారు నేర్చుకోవాల్సిందే. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉన్న, పొడిగా ఉన్న తారు నేల చాలు. హెల్మెట్ పెట్టుకుని 20 వేగంతో తిన్నగా పోతూ, చూపు దూరంగా నిలిపి, రెండు బ్రేకులూ కలిపి ఆపండి. ముందు ఫోర్క్ దిగడం చేతులకు తెలిసేదాకా అదే వేగంలో చేయండి, ఆ తర్వాతే 30, 40. వేళ్లు రెండు ఎప్పుడూ లివర్ మీద ఆనించి ఉంచడం అలవాటు చేసుకుంటే, 60 వేగంలో చెయ్యి చాచడానికి పట్టే కొద్దిపాటి సమయంలో పోయే అయిదు మీటర్లూ మిగులుతాయి. ఇదంతా వచ్చాక మరొకర్ని వెనక కూర్చోబెట్టుకుని మళ్లీ మొదటి నుంచీ చేయాలి. బరువు వెనక్కీ పైకీ జరుగుతుంది కాబట్టి బ్రేకుల వాటాలు మారతాయి. ఒంటరిగా ఉన్నప్పుడు ఇట్టే జారిన వెనక చక్రం ఇప్పుడు ఇంకాస్త గట్టిగా తొక్కనిస్తుంది, వెనకున్న మనిషి మాత్రం వచ్చి మన వీపును గుద్దుకుంటాడు.