చిన్న గదిలో మంద్రధ్వని

ఖరీదైన లౌడుస్పీకర్లు కొని తెచ్చుకొన్న మిత్రుడొకరు, దుకాణములో విన్న మృదంగము తమ గదిలోనికి వచ్చేసరికి డోలు అయిపోయినదని ఈ మధ్య వాపోయినారు. పరికరములో లోపము లేదు. వారి గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. చిక్కంతా ఆ కొలతలలోనే ఉన్నది.

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 1130 అడుగులు పోతుంది. ఏ ధ్వనితరంగములో సగభాగము సరిగా రెండు గోడల నడుమ ఇముడుతుందో, ఆ ధ్వనికి గది తానే వంతపాడుతుంది. 12 అడుగులకు ఇది సెకనుకు 47 కంపనముల వద్ద, 10 అడుగులకు 56 వద్ద, మరల వాని రెట్టింపుల వద్ద సంభవిస్తుంది. ఈ గదిలో వెడల్పు, ఎత్తు సమానము గనుక 56 వద్ద రెండు వంతలు కలిసిపోతాయి. ఎడమ మూత మీది దెబ్బ ఆగినా గది మ్రోగుతూనే ఉంటుంది. తరువాతి దెబ్బ అందులో మునిగిపోతుంది. పలుచని తెరలు కట్టి ప్రయోజనము లేదు. అవి తారధ్వనులనే పీల్చుకొంటాయి.

కనుక ఇట్టి గదికి పెద్ద పెట్టె ఎన్నుకొనుట డబ్బిచ్చి రొద కొనుక్కొనుటే. రంధ్రమున్న పెట్టెలో మంద్రము కొంత లోతువరకు నిలిచి, పిమ్మట స్థాయికి 24 డెసిబెల్‌ల చొప్పున పడిపోతుంది. పూర్తిగా మూసిన పెట్టెలో ఈ పతనము 12 మాత్రమే. చిన్న గది అట్టడుగు ధ్వనులకు కొంత బలము తానే చేకూరుస్తుంది గనుక, మెల్లగా తగ్గే మూతపెట్టె దానితో చక్కగా పొసగుతుంది. 1970 దశకములో బి.బి.సి. ఇంజనీర్లు బయటి ప్రసారాల వ్యానుల కోసము రూపొందించిన ఎల్.ఎస్.3/5ఎ ఇట్టిదే. ఎత్తు ఒక అడుగు మాత్రమే. లోతైన మంద్రము దానికి లేదు, ఉన్నంతలో అబద్ధమాడదు.

కొనేముందు తని ఆవర్తనము వినండి. దెబ్బ దెబ్బకు శ్రుతి తెలియవలె, దెబ్బల నడుమ నిశ్శబ్దము వినబడవలె. గుండె అదరుట పరీక్ష కాదు. వీలైతే మీ గదిలోనే వినిపించుమని అడగండి.

స్పీకరు మూలలో ఉంచితే వంత మరీ పెరుగుతుంది. వినేవారు గోడకానుకొన్నా అంతే. గది నట్టనడుమ కూర్చుంటే ఆ 47 దాదాపు మాయమవుతుంది. నేటి ఎలక్ట్రానిక్ సవరణలు పొంగును తగ్గించగలవు గాని, ఇట్టి లోటును పూరించలేవు.

మా మిత్రుడు పెట్టెలను మూలలనుండి తప్పించి, కుర్చీని వెనుకగోడకు నాలుగడుగులు ముందుకు జరిపినారు. వాటిని మార్చే మాట ప్రస్తుతానికి వాయిదా వేసినారు.