గీత దాటని సాఫ్ట్‌వేర్

చేత్తో చెక్కినవారికి స్లర్ తేలిక. కంప్యూటర్‌కే కష్టం

పాశ్చాత్య స్వరలిపిలో స్లర్ అంటే స్వరాల మీదుగా విల్లులా వంగిన గీత. ఆ స్వరాలను తెంపు లేకుండా కలిపి వాయించాలని దానర్థం. వయొలిన్ కళాకారుడికైతే కమాను దిశ మార్చవద్దన్న సూచన.

పియానో రచనల్లో ఒకే స్టాఫ్‌పై రెండు మూడు స్వరధారలు జడపాయల్లా సాగుతుంటాయి. వీటినే వాయిస్‌లంటారు. పై పాయలో మొదలైన బాణీ మధ్యలో కింది పాయలోకి జారుకోవడం మామూలే. అప్పుడు స్లర్ కూడా పాయ దాటాలి. చిక్కంతా అక్కడే.

లోహపు పలకలపై సంగీతాన్ని తిరగేసి చెక్కిన పాతతరం పనివారికి ఈ ఇబ్బంది లేదు. ఏ స్వరం ఏ పాయదో పలకకు అనవసరం. సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఆ లెక్క తప్పనిసరి.

నెదర్లాండ్స్‌కు చెందిన హాన్-వెన్ నియన్‌హాయిస్, యాన్ నియూవెన్‌హాయిజెన్ 1996లో ప్రారంభించిన ఉచిత సాఫ్ట్‌వేర్ లిలీపాండ్‌నే తీసుకోండి. ఇందులో సంగీతాన్ని టైపు చేయాలి. స్లర్ మొదలయ్యే స్వరం తర్వాత బ్రాకెట్ తెరిచి, ముగిసే స్వరం తర్వాత మూయాలి. అయితే స్లర్లు గీసే విభాగం మామూలుగా ఏ వాయిస్‌కు ఆ వాయిస్‌లోనే పనిచేస్తుంది. పై పాయలో తెరిచి కింది పాయలో మూస్తే గీత పడదు, హెచ్చరికలు వస్తాయి.

దీనికి వాడుకలో ఉన్న కిటుకు కంటికి కనిపించని మరో వాయిస్. అందులో అదృశ్య స్వరాలు పెట్టి, వాటి మధ్య స్లర్ వేస్తారు. అచ్చయిన పేజీ ముచ్చటగానే ఉంటుంది. కానీ రచనలో లేని స్వరాలు ఫైలులో చేరిపోతాయి. నోరు నొక్కకపోతే కంప్యూటర్ వాటినీ వాయించేస్తుంది. జర్మనీ సంస్థ స్టైన్‌బెర్గ్ 2016లో విడుదల చేసిన డొరికోలో ఈ తిప్పలు లేవు. వేర్వేరు వాయిస్‌ల స్వరాలను ఎంచుకుని నేరుగా స్లర్ వేయొచ్చు.

ఈ కిటుకుల అసలు ఖరీదు తెలిసేది సాఫ్ట్‌వేర్ మారినప్పుడే. 1988 నుంచి ఉన్న ఫినాలే అభివృద్ధిని నిలిపేస్తున్నట్టు మేక్‌మ్యూజిక్ సంస్థ 2024 ఆగస్టులో ప్రకటించింది. దాంతో ఏళ్ల తరబడి కూడబెట్టిన ఫైళ్లను ఇతర సాఫ్ట్‌వేర్‌లలోకి మార్చుకోవడం అనివార్యమైంది. అలా మార్చేటప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ చదివేది పేజీ అందాన్ని కాదు, ఫైలులోని సమాచారాన్ని. దాచిన స్వరాలు బయటపడొచ్చు, స్లర్ మధ్యలోనే తెగిపోవచ్చు. అదే జరిగితే స్వరకర్త ఒక్క ఊపిరిలో పలకాలనుకున్న పదం వాద్యకారుడి చేతిలో రెండు ముక్కలవుతుంది. తప్పు ఎవరిదో శ్రోతకు ఎన్నటికీ తెలియదు.