పసిపిల్లల నీళ్ళ విరేచనాలు - సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

విరేచనాలు వానాకాలపు జబ్బని, కొత్తనీరే దానికి మూలమని మన పల్లెల్లో చెప్పుకుంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని చలికాలంలో కూడ పసిపిల్లలకు ఉన్నట్టుండి వాంతులు, జ్వరం, ఆ వెంట నీళ్ళ విరేచనాలు పట్టుకుంటాయి. పళ్ళు వస్తున్నాయి కాబోలని పెద్దలు సరిపెట్టుకుంటారు. నిజానికి వీటిలో చాలావాటికి కారణం వైరస్‌లు.

వీటిలో ముఖ్యమైనది రోటా వైరస్. 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్, ఆమె సహచరులు దీనిని గుర్తించారు. సూక్ష్మదర్శినిలో బండిచక్రంలా కనిపించినందున, లాటిన్‌లో చక్రమని అర్థం వచ్చే ఈ పేరు పెట్టారు. రెండేళ్ళలోపు పిల్లలకు దీని తాకిడి ఎక్కువ. రెండవది నోరో వైరస్. ఇది పెద్దలను కూడ వదలదు.

ఈ వైరస్‌లు చిన్నప్రేగు లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఒంట్లోని నీరు, లవణాలు బయటికి పోతాయి. ప్రాణం తీసేది ఈ నష్టమే. పారుడు పట్టిన దూడ చర్మాన్ని పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం మన రైతులెరిగినదే. బిడ్డ పొట్టమీది చర్మం కూడ అలాగే నిలిచిపోయినా, కళ్ళు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, మగతగా పడివున్నా, తాగలేకపోయినా, విరేచనంలో నెత్తురు కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

నీళ్ళిస్తే విరేచనాలు ఎక్కువవుతాయని బిడ్డ నోరు ఎండగట్టడం చాలా ప్రమాదకరం. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా తాగించాలి. వాంతి అయితే పది నిమిషాలాగి మళ్ళీ మొదలుపెట్టాలి. కలిపిన నీటిని 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు ఆపరాదు. ఆరోగ్య కార్యకర్త ఇచ్చే జింకు బిళ్ళలను విరేచనాలు కట్టినా సరే 14 రోజులూ వేయాలి. యాంటీబయాటిక్ మందులు వైరస్‌పై పనిచేయవు.

దూడల పారుడు పిల్లలకు అంటుతుందా అని మమ్ములను సంఘాలలో అడుగుతుంటారు. దూడలకూ రోటా వైరస్ వస్తుంది. కాని దాని రకాలు చాలావరకు వేరు. మనుషులకు సోకడం అరుదు. అయినా పారుడు దూడను ముట్టుకున్న చేతులు కడగనిదే బిడ్డనెత్తుకోరాదు.

ఇక్కడొక విశేషం చెప్పాలి. 1980లలో ఢిల్లీలోని ఎయిమ్స్‌లో కొందరు నవజాత శిశువులకు జబ్బు లక్షణాలు లేకుండానే రోటా వైరస్ సోకింది. ఆ పిల్లలకు తర్వాత తీవ్రమైన విరేచనాలు రాకుండా అది కాపాడినట్లు డాక్టర్ ఎం.కె. భాన్, ఆయన సహచరులు గమనించారు. ఆ వైరస్ జన్యుభాగాలు 11లో ఒకటి పశువుల వైరస్ నుండి వచ్చినదే. దాని ఆధారంగా హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన టీకా 2015లో విడుదలైంది. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాలలో రోటా టీకా ఉచితంగా వేయడం మొదలై, తర్వాత దేశమంతటికీ విస్తరించింది. 6, 10, 14 వారాల వయస్సులో దీనిని నోటిద్వారా ఇస్తారు. నోరో వైరస్‌కు టీకా లేదు, శుభ్రతే రక్ష.

ఈ వైరస్‌లు మలం నుండి చేతులకు, చేతుల నుండి నోటికి చేరుతాయి. కనుక వాంతులు, విరేచనాలు ఉన్నవారు పాలు పితకడం, కేంద్రంలో క్యాన్లు, కొలపాత్రలు ముట్టుకోవడం మానుకోవాలి. తగ్గిన తర్వాత కూడ రెండు రోజులు ఆ పని వేరొకరికి అప్పగించాలి. చేతులకు సబ్బు, నీరు వాడాలి. నోరో వైరస్‌కు శానిటైజరు చాలదు. పాలు పొంగేదాకా కాచి తాగాలి. కాచిన పాలలో మురికి చేతితో గిన్నె ముంచితే కాచిన ఫలితం దక్కదు.

కార్యదర్శులు ఈ విషయాలను పాలు పోయవచ్చే సభ్యులకు, ముఖ్యంగా తల్లులకు, చదివి వినిపించవలసిందిగా మనవి. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు కేంద్రంలో ఎప్పుడూ నిల్వ ఉంచితే, రాత్రివేళ ఏదో ఒక ఇంటి బిడ్డకు అవి అక్కరకు వస్తాయి.