ఫోనులో మాట నేర్పే వైద్యం – పక్కన మనిషి ఉంటేనే ఫలితం

మాట ఊరికే వచ్చేది కాదు. బిడ్డకు చెవులు వినపడాలి. విన్నదాన్ని మెదడు పోల్చుకోవాలి. నాలుక, పెదవులు దాన్ని పలకాలి. ఇందులో ఎక్కడ చిక్కు వచ్చినా మాట ఆలస్యమవుతుంది, లేదా తడబడుతుంది. అలాంటి పిల్లల్ని మన ఊళ్ళలో "మూగోడు", "నత్తోడు" అని పేరు పెట్టి వదిలేస్తుంటారు. మన హాస్టళ్ళలో కూడా నత్తి ఉన్న తమ్ముడు హాజరు పిలిచేటప్పుడు పలకలేక చెయ్యెత్తి ఊరుకుంటాడు, పక్కవాళ్ళు నవ్వుతారు. ఇది శాపం కాదు, పూర్వజన్మ పాపం అంతకన్నా కాదు. దీనికి స్పీచ్ థెరపీ ఉంది.

అయితే స్పీచ్ థెరపీ గోళీలు మింగితే అయిపోయేది కాదు. నెలల తరబడి, కొందరికి ఏళ్ళ తరబడి, వారం వారం నిపుణుల దగ్గర నేర్చుకోవాలి, రోజూ ఇంటి దగ్గర సాధన చేయాలి. ఆ నిపుణులు ఎక్కువగా హైదరాబాదులోనే ఉన్నారు. అలీ యావర్ జంగ్ జాతీయ వాక్-శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో ఉంది. గద్వాల నుండో, అచ్చంపేట నుండో, దేవరకొండ తండాల నుండో అక్కడికి పోవాలంటే తల్లికి ఆ రోజు కూలి పోతుంది, బస్సు కిరాయి మీద పడుతుంది. పాలమూరు కూలీలు ముంబాయి, పుణె వలస పోతే వైద్యం మధ్యలోనే ఆగిపోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. తర్వాత ఆ పథకం కింద పుట్టు చెవుడు ఉన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు జరిగాయి. ఆ యంత్రం శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చి వినికిడి నరానికి అందిస్తుంది. కానీ అన్నాళ్ళూ నిశ్శబ్దంలో ఉన్న బిడ్డకు ఆ శబ్దం ఏమిటో తెలియదు. కుక్క అరుపు ఏది, అమ్మ పిలుపు ఏది అని ఒక్కొక్కటీ నేర్పాలి. ఆపరేషన్ కొన్ని గంటల పని. మాట నేర్పడం ఏళ్ళ పని. ఆ శిక్షణ ఆగితే లక్షల ఖర్చు చేసిన యంత్రం ఉన్నా బిడ్డ వెనుకబడిపోతాడు.

ఇక్కడే టెలీ థెరపీ ఉపయోగపడుతుంది. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు కేంద్రాలు మూతపడి, చాలామంది థెరపిస్టులు వీడియో కాల్ ద్వారా నేర్పడం మొదలుపెట్టారు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో దీని కోసం ప్రత్యేక టెలీ కేంద్రమే ఉంది. ఆస్ట్రేలియాలో నత్తి ఉన్న చిన్న పిల్లలకు లిడ్‌కోంబ్ అనే పద్ధతిని కొందరికి కేంద్రంలో, కొందరికి వీడియోలో నేర్పి పోల్చి చూశారు. వీడియోలో నేర్చుకున్నవాళ్ళు వెనుకబడలేదని 2016లో ప్రచురించారు. ఆ పద్ధతిలో రోజూ సాధన చేయించేది తల్లిదండ్రులే.

ఇది జరిగే తీరు ఇలా ఉంటుంది. ఫోనును గోడకు ఆనించి పెట్టాలి. బిడ్డ ముఖం మీద వెలుతురు పడాలి. ఫ్యాను, టీవీ ఆపాలి. థెరపిస్టు బిడ్డకంటే ఎక్కువగా తల్లితో మాట్లాడతారు. "గిన్నె చూపించి పేరు చెప్పండి, తర్వాత ఆగండి, బిడ్డ పలికేదాకా చూడండి" అని చెబుతారు. వారమంతా అదే సాధన చేసి, చిన్న వీడియో తీసి పంపితే తప్పులు దిద్దుతారు. పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దవాళ్ళకు కూడా ఇలా సాధన చేయించవచ్చు.

ఫోనుతో కాని పనులు కూడా ఉన్నాయి. మొదట చెవి పరీక్ష మాత్రం ఆసుపత్రిలోనే చేయించాలి. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి పలకకపోతే, పిలిస్తే తిరిగి చూడకపోతే ఆలస్యం చేయవద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వస్తాయి. వాళ్ళకు చూపిస్తే పై కేంద్రానికి పంపుతారు. ఇ-సంజీవనిలో డాక్టరు సలహా దొరుకుతుంది కానీ, మాట నేర్పే పని స్పీచ్ థెరపిస్టుది. వారికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందా అని అడిగి తెలుసుకోవడం మన హక్కు.

మిత్రులారా, ఇందులో మన పాత్ర చిన్నది కాదు. తండాలో బిడ్డ ఇంట్లో వినేది లంబాడీ, థెరపిస్టు మాట్లాడేది పట్నం తెలుగు. నారాయణపేట వైపు కన్నడం కలుస్తుంది. బిడ్డకు ముందు నేర్పవలసింది ఇంటి మాటలే. వాటిని థెరపిస్టుకు చెప్పి, ఆమె చెప్పింది తల్లికి అర్థమయ్యేలా చెప్పగలిగింది ఆ రెండు భాషలూ వచ్చిన హాస్టల్ విద్యార్థే. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు రోజుకు అరగంట ఆ బిడ్డ పక్కన కూర్చుందాం. ఉద్యోగాల్లో స్థిరపడ్డ మన పూర్వ విద్యార్థులు ఒక ఫోను, నెల నెలా రీచార్జి ఇప్పిస్తే ఒక ఇంట్లో వైద్యం ఆగకుండా సాగుతుంది. ఇక హాస్టల్లో నత్తి ఉన్న తమ్ముడు మాట్లాడేటప్పుడు నవ్వకుండా, అతని మాట మనం పూర్తి చేయకుండా, ఓపికగా విందాం. దానికి ఫోను కూడా అక్కరలేదు.